హోటల్‌కీ ఆది జాకెట్టు

తెలుగు ఊళ్లలో బొటిక్ అంటే జాకెట్లు కుట్టే చోటు. రెడీమేడ్ షాపులో ఉన్నది కొనుక్కుని సర్దుకోవచ్చు గానీ, బొటిక్‌కి వెళ్లేటప్పుడు సంచిలో ఆది జాకెట్టు ఉండాల్సిందే. మెడ ఎంత లోతు, చేతులు ఎంత పొడవు, హుక్కులు ముందా వెనకా అన్నీ చెప్పాకే గుడ్డ మీద కత్తెర పడుతుంది. అక్కడ మొహమాటపడి "మీకు తెలియదా అండీ, మీ ఇష్టం" అనేసి వచ్చినవాళ్లు పెళ్లి రోజు పొద్దున్నే చంక దగ్గర పిన్నీసులు పెట్టుకుంటూ కనిపిస్తారు.

హోటళ్లకి ఆ పేరు అంటుకోవడం వెనక కూడా ఇదే లెక్క ఉంది. 1978లో లండన్‌లో అనౌస్కా హెంపెల్ బ్లేక్స్ హోటల్ తెరిచింది. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బిల్ కింప్టన్ బెడ్‌ఫోర్డ్ మొదలుపెట్టాడు. 1984లో న్యూయార్క్ మాడిసన్ అవెన్యూలో మోర్గన్స్ వచ్చింది. దాని యజమానులు స్టీవ్ రూబెల్, ఇయాన్ ష్రాగర్ అంతకుముందు స్టూడియో 54 అనే నైట్‌క్లబ్ నడిపి, పన్ను ఎగ్గొట్టిన కేసులో జైలుకి వెళ్లొచ్చినవాళ్లు. పెద్ద హోటళ్లు డిపార్ట్‌మెంట్ స్టోర్ల లాంటివనీ, తమది బొటిక్ లాంటిదనీ రూబెల్ పోల్చాడు. ఆయన పోలిక ఆ ఒక్క హోటల్‌తో ఆగలేదు. ఇప్పుడు ప్రపంచంలో పది గదులుండి, గోడకి నాలుగు పాత ఫోటోలున్న ప్రతి హోటలూ బొటిక్ హోటలే.

పేరు తగిలించుకోవడం తేలికే. అలాంటి చోట దిగేవాళ్లకి తెలియాల్సింది వేరే ఉంది. రెండు వందల గదుల హోటల్‌లో అతిథి నోరు విప్పకపోయినా చాలా పనులు జరిగిపోతాయి. ఒక డిపార్ట్‌మెంట్ మరిచిపోతే ఇంకొకటి చూసుకుంటుంది. పది గదుల హోటల్‌లో డిపార్ట్‌మెంట్లు ఉండవు, మనుషులు ఉంటారు. పొద్దున కాఫీ తెచ్చిన అబ్బాయే మధ్యాహ్నం పెట్టెలు మోస్తాడు, రాత్రి గేటు తాళం వేస్తాడు. అడిగితే అతను చేయని పని ఉండదు. అడగకపోతే మాత్రం, చేయాలన్న సంగతే అతనికి తెలియదు. చిన్న హోటల్‌లో డబ్బు పోసి ఇబ్బంది పడి వచ్చిన తెలుగువాళ్లలో చాలామందిని ఇబ్బంది పెట్టింది మొహమాటమే.

ఈ సంగతి తేల్చుకోవడానికి పుదుచ్చేరి కంటే మంచి ఊరు దొరకదు. ఊరి నడిబొడ్డున, సముద్రానికి రెండు మూడు వీధుల దూరంలో, పాత ఇళ్లని బాగుచేసి నడిపే చిన్న హోటళ్లు అక్కడ వరసగా ఉంటాయి. మధ్యలో కాలవ. కాలవకి సముద్రం వైపున ఫ్రెంచివాళ్ల పేట: ఆవపిండి రంగు గోడలు, ఎత్తైన గేట్లు, గోడ దాటి వేలాడే కాగితప్పూలు, నీలం పలకల మీద ఫ్రెంచిలోనూ తమిళంలోనూ వీధి పేర్లు. కాలవకి ఇవతల తమిళ పేట. అక్కడి ఇళ్ల ముందు తిణ్ణె ఉంటుంది, అంటే మన అరుగు. లోపల నడిమధ్య ఆకాశం కనిపించే ముంగిలి, అది మన మండువా. కోనసీమ లోగిళ్లలో పెరిగినవాళ్లు ఆ ఇంట్లో అడుగుపెడితే గైడు చెప్పాల్సిందేమీ మిగలదు.

1761లో ఇంగ్లీషువాళ్లు ఈ ఊరిని నేలమట్టం చేశారు. ఫ్రెంచివాళ్లకి తిరిగి దక్కాక 1765 నుంచి మళ్లీ కట్టుకున్నారు. అందుకే అక్కడ ఎంత పాత ఇల్లయినా ఆ తర్వాతదే. తమిళ పేటలోని వైశ్యాల్ వీధి ఇళ్లని, పాత కట్టడాల్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థ, స్థానిక ప్రభుత్వం కలిసి వరసగా బాగుచేయించిన పనికి 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది. ఫ్రెంచి పేటలో బుస్సీ పేరున ఒక వీధి కూడా ఉంది. ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి వీధి అని రాస్తున్నా జనం నోట్లో బుస్సీ వీధే. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీయే ఆయన. 1785లో ఈ ఊళ్లోనే చనిపోయాడు. బొబ్బిలి వైపు నుంచి వెళ్లినవాళ్లు ఆ వీధిలో గది తీసుకుంటే కాసేపు కోపం తెచ్చుకోవచ్చు. గది మాత్రం బాగుంటుంది.

ఒక జంటని ఊహించుకుందాం. యానాంలో హెడ్‌మాస్టారుగా రిటైరైన ఆయన, ఆయన భార్య. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కాబట్టి, గోదావరి ఒడ్డున ఉన్న ఆయనకి పింఛను కాగితాల పని పడితే మధ్యలో రెండు రాష్ట్రాలు దాటి వెళ్లాలి. ఎలాగూ వెళుతున్నాం కదా, నాలుగైదుసార్లు చూసిన లాడ్జి ఎందుకు, ఈసారి మంచి చోట దిగుదాం అనుకున్నారు. కొడుకు ఫోన్‌లో ఫోటోలు చూపించాడు: పందిరి మంచం, దోమతెర, ముంగిట్లో అరటి చెట్టు. రెండు రాత్రులకి బుక్ చేశారు.

చేరేసరికి రాత్రి పదిన్నర. గేటు మూసి ఉంది. పావుగంట తలుపు కొడితే కాపలా ఆయన లేచొచ్చాడు. గది పై అంతస్తులో. పాతకాలం చెక్కమెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. బాత్‌రూంలో షవర్ ఉంది, బకెట్టు లేదు, మగ్గు లేదు. పొద్దున్నే అయిదింటికి కిటికీ కిందే నీళ్ల మోటారు మొదలైంది.

"ఏమండీ, గది మార్చమని అడగండి."

"ఒక్క రాత్రేగా మిగిలింది, సర్దుకుందాం. బాగుండదు."

మూడో రోజు తిరుగు రైల్లో కూర్చున్నాక మాత్రం ఆయన ఫోన్ తీసి ఒకే ఒక్క స్టారు ఇచ్చి, పద్దెనిమిది వాక్యాల సమీక్ష రాశారు. హోటల్ వాళ్ల జవాబు సాయంత్రానికే వచ్చింది: "సార్, మీరున్న రెండు రాత్రులూ కింద గది ఖాళీగానే ఉంది. ఒక్క మాట చెప్పి ఉంటే..."

ఊహే అయినా, ఇందులో జరగనిదేమీ లేదు. ఆయనకి అడగడం చేతకాక కాదు. రైల్లో అంత నిర్మొహమాటంగా రాయగలిగిన మనిషి, మనిషి ఎదురుగా నిలబడ్డప్పుడు నోరు మెదపలేకపోయాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఏమీ అడగనివ్వకుండా అన్నీ అమర్చడం మన మర్యాద. అదే చుట్టరికాన్ని డబ్బు కట్టిన చోటుకీ తీసుకెళ్లి, వాళ్లే తెలుసుకుని చేయాలనుకోవడంతో గొడవ మొదలవుతుంది. దీనికి అవతలి కొస ఇంకొకటి ఉంది. రెండు రోజులు బిగబట్టి, మూడో రోజు కౌంటర్ మీద చెయ్యి చరిచి "ఓనర్ని పిలవండి" అనడం. మొహమాటం పులిసిపోతే దబాయింపు అవుతుంది. రెండింటికీ మధ్య, మామూలు గొంతుతో మామూలు మాట ఒకటుంది. దాన్ని ముందుగానే రాసి పెట్టుకుంటే సగం బరువు తగ్గుతుంది.

అదే ఆది జాకెట్టు. ప్రయాణానికి వారం ముందు ఒక తెల్లకాగితం మీద, ఇంట్లో ఉన్నప్పుడు తమకి ఏది లేకపోతే నిద్ర పట్టదో, ఏది లేకపోతే పొద్దు మొదలవదో రాసుకోవాలి. కోరికల జాబితా రాయమని కాదు, కొలతలు రాయమని. మాస్టారి ఇంటి కాగితంలో నాలుగే ఉంటాయి: మెట్లు ఎక్కలేం. బకెట్టు, మగ్గు కావాలి. ఆయనకి అయిదున్నరకి కాఫీ పడాలి. ఆవిడ గురువారం ఉల్లిపాయ తినదు. ఇంకొకరి ఇంట్లో అది పసిపిల్లకి పాలు కాచుకోవడం కావచ్చు, నమాజుకో సంధ్యావందనానికో కాస్త శుభ్రమైన మూల కావచ్చు, ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్ కావచ్చు.

ఆ కాగితం చేతిలో పట్టుకుని హోటల్‌కి ఫోన్ చేయాలి. బుకింగ్ యాప్‌లో "ప్రత్యేక అభ్యర్థనలు" అని ఒక గడి ఉంటుంది. అందులో రాయడం హుండీలో చీటీ వేయడం లాంటిది. చదివారో లేదో దేవుడికే తెలియాలి. ఫోన్‌కి కూడా వేళ ఉంది. పొద్దున టిఫిన్ల హడావుడి, పదకొండు నుంచి రెండు దాకా ఖాళీ చేసేవాళ్లూ దిగేవాళ్లూ. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్య ఫోన్ ఎత్తే మనిషికి కాస్త ఊపిరి ఆడుతుంది, వినే ఓపికా ఉంటుంది. నంబరు మాత్రం హోటల్ సొంత సైట్‌లోనో బుకింగ్ కాగితం మీదో ఉన్నదే తీసుకోవాలి. నకిలీ సైట్లు పెట్టి, హోటల్ పేరు చెప్పి అడ్వాన్సు కొట్టేసే మోసాలు పోలీసు స్టేషన్ల దాకా వెళ్లినవే.

ఎలా అడగాలన్నది కూడా ముఖ్యమే. "గది బాగుంటుందా?" అని అడిగితే ప్రపంచంలో ఏ హోటల్ అయినా "చాలా బాగుంటుంది సార్" అనే అంటుంది. "ఆ గదికి ఎన్ని మెట్లు? కిటికీ వీధి వైపా, ముంగిలి వైపా? నీళ్ల మోటారు ఎక్కడుంది?" అంటే అవతలి మనిషి కాసేపు ఆగి, గది కళ్లముందు తెచ్చుకుని జవాబు చెప్తాడు. ఆ ఆగడమే మంచి సూచన. ఎక్కడా తడుముకోకుండా అన్నింటికీ "ఉంది సార్, ఉంది సార్" అనేవాళ్ల దగ్గర రెండోసారి అడగడం మంచిది.

మోటారు గురించి అడగడం వింతగా అనిపించవచ్చు గానీ, పాత ఇళ్లలో చప్పుడు దారి వేరు. గోడలు ఒకటిన్నర అడుగుల మందం, ఇటుకా సున్నమూ. వీధిలో బస్సు వెళ్లినా వినపడదు, వైఫై కూడా ఆ గోడ దాటలేదు. కానీ గదులన్నీ ముంగిలి వైపే తెరుచుకుంటాయి. ముంగిలి గొట్టంలా చప్పుడుని పైకి మోస్తుంది. కింద వంటింట్లో పోపు చిటపటలాడితే పై గదిలో వినిపిస్తుంది, వాసన దానికంటే ముందే వస్తుంది. అందుకని ముంగిలి వైపు గది తీసుకున్నవాళ్లు ఇంకొక సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. రాత్రి పదింటికి కోడలితో వీడియో కాల్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడితే ఆ సంసారం కథ పది గదులకీ తెలుస్తుంది. అవతల గదిలో ఉన్నవాళ్లూ తెలుగువాళ్లయితే మర్నాడు టిఫిన్ దగ్గర పలకరింపు మరీ ఆప్యాయంగా ఉంటుంది.

రాత్రి ఆలస్యంగా చేరేటట్లయితే వేళ చెప్పి, ఆ వేళకి ఉండే మనిషి ఫోన్ నంబరు తీసుకోవాలి. కారులో వెళ్లేవాళ్లు బండి ఎక్కడ పెట్టాలో అడగాలి. ఆ సందుల్లో బండి నిలపడానికి చోటు ఉండదు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు వయసు చెప్పాలి, చిన్నపిల్లల్ని రానివ్వని చిన్న హోటళ్లు ఉన్నాయి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవడు వెంట ఉంటే ఆ పాస్‌పోర్టు పెట్టె అడుగున కాకుండా చేతి సంచిలో ఉండాలి. విదేశీ పౌరులు దిగితే హోటల్ వాళ్లు 24 గంటల్లోగా ఇమిగ్రేషన్ అధికారులకి ఆన్‌లైన్‌లో తెలపాలి. సి-ఫారం అని వాళ్లు అనేది దాన్నే. బుడ్డోడు మన ఇంటివాడే కదా అంటే కుదరదు.

ఇక డబ్బు మాట. ఇక్కడే మొహమాటానికి ధర ఎంతో అణాపైసలతో సహా తెలుస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గది మీద జీఎస్టీ 5 శాతం. ఆ పైన ఒక్క రూపాయి ఎక్కువైనా మొత్తం మీద 18 శాతం. అంటే 7,500 గదికి పన్ను 375, బిల్లు 7,875. అదే గదిని 7,600 అని రాస్తే పన్ను 1,368, బిల్లు 8,968. గది ధర పెరిగింది వంద, జేబులోంచి పోయింది 1,093. పుదుచ్చేరిలో మంచి చిన్న హోటళ్ల ధరలు చాలావరకు ఈ గీతకి అటూ ఇటూ తిరుగుతుంటాయి. చెన్నై, బెంగళూరు జనం దిగే శుక్ర, శనివారాల్లో పైకి, మామూలు రోజుల్లో కిందకి. 7,800 చెప్పినచోట "మంగళవారం వస్తాం, 7,500కి ఇవ్వగలరా?" అనడం గీచి బేరం ఆడటం కాదు, లెక్క తెలిసిన మనిషి అడిగే మాట. పది గదుల హోటల్‌లో దానికి అవుననో కాదనో చెప్పగలిగినవాళ్లు ఫోన్‌కి అందుబాటులోనే ఉంటారు, ఎక్కడో ముంబయి హెడ్డాఫీసులో కాదు.

తిండి బిల్లులో సర్వీస్ చార్జి కనిపిస్తే తీసేయమని అడగవచ్చు. దాన్ని హోటళ్లూ రెస్టారెంట్లూ వాటంతట అవే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. నచ్చితే ఆ డబ్బే టిప్పుగా ఇవ్వవచ్చు. చిన్న హోటల్‌లో అయితే అందరికీ కలిపి ఒక డబ్బా ఉందేమో కనుక్కుని అందులో వేయడం మేలు. లేకపోతే పెట్టె మోసినవాడికి నోటు, తెల్లవారుజామున లేచి ఇడ్లీ పిండి కలిపిన ఆవిడకి సున్నా.

గదిలో అడుగుపెట్టాక మొదటి పది నిమిషాలు పెట్టె తెరవకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం గొడవలు ఉండవు. ఏసీ వేసి రెండు నిమిషాలు చప్పుడు వినాలి. వేడినీళ్ల కుళాయి తిప్పి, నిజంగా వేడెక్కేదాకా చెయ్యి పెట్టి చూడాలి. బాత్‌రూం తూము దగ్గర వంగి వాసన చూడాలి. కిటికీ గడియ పడుతుందా, మంచం పక్కన ఫోన్ చార్జింగ్ పెట్టుకునే ప్లగ్ ఉందా, తలుపు లోపలి గడియ బిగువుగా ఉందా? ఏదైనా తేడా ఉంటే అప్పుడే కిందికి వెళ్లి చెప్పాలి. ముట్టని గదిని మార్చడం వాళ్లకి రెండు నిమిషాల పని. దుప్పట్లు నలిగి, తువ్వాళ్లు తడిసి, పెట్టెలోని బట్టలు బీరువాలోకి ఎక్కాక మార్చమంటే వాళ్లకీ కష్టం. అప్పుడు అడగడానికి మన మొహమాటం కూడా రెట్టింపు అవుతుంది.

చెప్పేటప్పుడు తీర్పు కాకుండా కొలతే చెప్పాలి. "ఇదేం గదండీ, ఇంత దరిద్రంగా ఉంది" అంటే అవతలివాళ్లు తమ ఇంటిని వెనకేసుకొస్తారు. ఒక్కోసారి అది నిజంగానే వాళ్ల తాతగారి ఇల్లు. "అయిదింటికి మోటారు చప్పుడుకి మా ఆవిడకి మెలకువ వచ్చేస్తోంది. వేరే వైపు గది ఉందా? లేకపోతే మోటారు ఏడింటికి వేయడం కుదురుతుందా?" అంటే వాళ్లకి చేయడానికి రెండు దారులు దొరికినట్టు. పని కుర్రాడితో అనడం కన్నా, నిర్ణయం తీసుకోగలిగిన మనిషికి చెప్పాలి. భాష రాకపోయినా బెంగ లేదు. తమిళంలోనూ అన్నని అన్నా అనే పిలుస్తారు, అక్కని అక్కా అనే పిలుస్తారు. ఆ పిలుపు తర్వాత వచ్చే ఇంగ్లీషు ఎంత వంకరగా ఉన్నా పట్టించుకోరు.

ఇవన్నీ చేసినా కొందరికి ఇలాంటి చోటు పడదు, ఆ మాట దాచడం ఎందుకు? చక్రాల కుర్చీ అవసరమైనవాళ్లకి, అర్ధరాత్రి రెండింటికి బిర్యానీ కావాలనుకునేవాళ్లకి, ఎవరూ పలకరించకపోతేనే హాయి అనుకునేవాళ్లకి పెద్ద హోటలే మేలు. పదిహేనుమంది బంధువర్గం కలిసి వెళితే రెండు గదులు తీసుకుని పరుపులు పరిచే పద్ధతి ఇక్కడ చెల్లదు.

పడినవాళ్లకి మాత్రం ఊరి నడుమ ఉన్నందుకు ప్రతిఫలం కాళ్ల కింద దొరుకుతుంది. పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీద సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున ఏడున్నర దాకా బండ్లు తిరగనివ్వరు. గాంధీ విగ్రహం అటూ ఇటూ ఆ దారంతా నడిచేవాళ్లదే. వీధులు గళ్లచీర చారల్లా తిన్నగా ఉంటాయి కాబట్టి తప్పిపోవడం కష్టం. మంచి టిఫిన్ ఎక్కడ, ఏ బేకరీలో రొట్టె ఎన్నింటికి దిగుతుంది, ఆదివారం సంతలో ఏ కొసన బేరం కుదురుతుంది, ఇవన్నీ ఫోన్‌లో వెతకాల్సిన పని లేదు. పెట్టె మోసిన అబ్బాయిని "నువ్వెక్కడ తింటావు?" అని అడిగితే సరిపోతుంది. "ఏది ఫేమస్?" అని అడిగితే టూరిస్టులకి చెప్పే చోటు చెప్తాడు.

మళ్లీ మాస్టారి దగ్గరికి వద్దాం. ఏడాది తిరిగాక లైఫ్ సర్టిఫికెట్టులో ఏదో తేడా వచ్చి మళ్లీ వెళ్లాల్సి వచ్చిందనుకుందాం. ఈసారి ఆయన నాలుగింటికి ఫోన్ చేశారు, కాగితం చూసి తన స్కూలు ఇంగ్లీషులోనే చదివారు. మెట్ల మాట దగ్గర అవతలి ఆవిడ ఆగింది, "కింద గది చిన్నది సార్, పందిరి మంచం ఉండదు, ఫరవాలేదా?" అంది. మంగళవారం, రెండు రాత్రులు, కింద గది. చేరేసరికి బాత్‌రూంలో ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు, దానికి లేబుల్ ఇంకా ఊడలేదు. పొద్దున అయిదున్నరకి అరుగు మీద ఇత్తడి డబరాలో కాఫీ. ఏడు దాకా బీచ్ రోడ్డు. ఖాళీ చేసే రోజు పదకొండింటికి సంచులు మెట్ల కింద పెట్టించి, చెన్నై వెళ్లే కారు వచ్చేదాకా ముంగిట్లో కూర్చున్నారు. ఉల్లిపాయ లేని ఉప్మా పొట్లం రాత్రి రైలుకి కట్టించుకున్నారు కూడా.

"నెక్స్ట్ టైమ్ కూడా ఇదే గది ఉంచమంటారా సార్?" అంది కౌంటర్ దగ్గర ఆవిడ.

"ఇదే ఉంచండమ్మా," అన్నారు మాస్టారు. "బకెట్టు మాత్రం ఇంకాస్త పెద్దది చూడండి."